అమెరికా ఎన్నికల లెక్కలు చదవడం, 4వ పాఠం: లెఫ్ట్ అభ్యర్థి అయితే ఓట్లు తగ్గుతాయా?

మూడో పాఠంలో రెండు పార్టీల వాటా తీయడం నేర్చుకున్నాం. 1992లో డెమొక్రాట్ బిల్ క్లింటన్‌కు 43.0 శాతం, రిపబ్లికన్ సీనియర్ బుష్‌కు 37.4. రెండూ కూడితే 80.4. 43.0ని 80.4తో భాగించి వందతో గుణిస్తే 53.5. స్వతంత్రుడు రాస్ పెరో పట్టుకెళ్లిన 18.9 శాతాన్ని పక్కన పెడితే ముఖాముఖి పోటీ ఎలా ఉందో తెలుస్తుంది. ఈసారి ఆ అంకెతోనే ఒక పాత వాదాన్ని పరీక్షిద్దాం. ‘డెమొక్రాట్లు లెఫ్ట్ వైపు ఒరిగిన మనిషిని నిలబెడితే ఓడిపోతారు, మధ్యేవాదిని నిలబెడితే గెలుస్తారు’ అన్నదే ఆ వాదం.

ముందు మాట అర్థం తేల్చుకోవాలి. లెఫ్ట్ అనగానే మనకు సీపీఐ, సీపీఎం గుర్తొస్తాయి. అమెరికాలో ఆ మాట ఎక్కువగా డెమొక్రటిక్ పార్టీలోనే ఉన్న ఒక వర్గానికి వాడతారు. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా, సంపన్నుల మీద ఎక్కువ పన్ను, కనీస వేతనం పెంపు లాంటివి వాళ్ల డిమాండ్లు. ఆ వర్గంలో పెద్ద పేరు బెర్నీ శాండర్స్. 2016లోనూ 2020లోనూ ఆయన ప్రైమరీలు (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) దాటలేదు కాబట్టి మన పట్టికలో ఆయనకు గడి లేదు.

ముద్ర ముందు, ఫలితం తర్వాత

నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: సంవత్సరం, డెమొక్రాట్ అభ్యర్థి, ముద్ర (లెఫ్ట్ లేదా మధ్యేవాది), రెండు పార్టీల వాటా. మూడో గడి నింపేదాకా నాలుగో గడి జోలికి వెళ్లొద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గెలిచినవాణ్ని ‘అందరివాడు, మధ్యేవాది’ అంటారు, ఓడినవాణ్ని ‘మరీ లెఫ్ట్’ అంటారు. ఫలితం చూసి ముద్ర వేస్తే వాదం ఎప్పుడూ నిజమైనట్టే కనపడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ జాన్ కెర్రీ, బరాక్ ఒబామా. నేషనల్ జర్నల్ పత్రిక సెనేట్ ఓటింగులను లెక్కగట్టి 2003కు కెర్రీని, 2007కు ఒబామాను సెనేట్‌లో అందరికంటే లిబరల్ (అంటే లెఫ్ట్ వైపు ఒరిగిన) సభ్యులుగా తేల్చింది. కొలబద్ద ఒకటే, ముద్రా ఒకటే. 2004లో కెర్రీ ఓడారు, 2008లో ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాల వారీగా లెక్కించే, అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) గెలిచారు. ప్రచారంలో తిరుగుతూ ఇద్దరూ చాలా ఓటింగులకు హాజరు కాలేదు కాబట్టి ఒక్క ఏడాది ర్యాంకును నమ్ముకోకూడదు. సభ్యుడి మొత్తం ఓటింగు చరిత్రను మైనస్ 1 (లెఫ్ట్ కొస) నుంచి ప్లస్ 1 (రైట్ కొస) దాకా కొలిచే నామినేట్ స్కోరు ఇంతకంటే నిలకడైనది. గవర్నర్లుగా ఉండి వచ్చిన కార్టర్, డుకాకిస్, క్లింటన్‌లకు కాంగ్రెస్ ఓటింగు రికార్డు ఉండదు. వాళ్ల విషయంలో మేనిఫెస్టో, ప్రైమరీలో ఎవరికి ఎదురు నిలిచారన్నది చూడాలి.

ఐదో గడి: వైట్‌హౌస్‌లో ఎన్నేళ్లు

ఇప్పుడు ఇంకో గడి కలపండి. ఎన్నిక నాటికి అధికార పార్టీ వైట్‌హౌస్‌లో ఉండి ఎన్నేళ్లయింది? నాలుగేళ్లా, ఎనిమిదేళ్లా, అంతకు మించా?

1952 నుంచి 2024 దాకా 19 ఎన్నికలు. అధికార పార్టీ అప్పటికి ఎనిమిదేళ్లు, ఆపైన పాలించినవి 9: 1952, 1960, 1968, 1976, 1988, 1992, 2000, 2008, 2016. అందులో ఆ పార్టీ గెలిచింది ఒక్క 1988లోనే. నాలుగేళ్లే పాలించినవి 10. అందులో 7 సార్లు ఆ పార్టీయే నిలిచింది, 1980, 2020, 2024లో మాత్రం ఓడింది. ప్రభుత్వ వ్యతిరేకత ముదరడానికి ఒక టర్మ్ తరచూ చాలదు, రెండు టర్ములు దాదాపు ఎప్పుడూ చాలతాయి.

ఈ గడి కలిపాక పాత వాదాన్ని మళ్లీ చదవండి. లెఫ్ట్ వల్ల ఓడారని చెప్పే మెక్‌గవర్న్ (1972), మాండేల్ (1984), కెర్రీ (2004) ముగ్గురూ ఒక్క టర్మే పూర్తిచేసిన సిట్టింగ్ అధ్యక్షుడి మీద పోటీ చేసినవాళ్లు. మధ్యేవాదం వల్ల గెలిచారని చెప్పే కార్టర్ (1976) ఎనిమిదేళ్ల రిపబ్లికన్ పాలన, వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత వచ్చారు. క్లింటన్ (1992) పన్నెండేళ్ల రిపబ్లికన్ పాలన తర్వాత వచ్చారు. ఎవరి ముద్ర ఏదైనా, వాళ్లు దిగిన సమయం వేరు. కాబట్టి 1972ను 1992తో పోల్చడం చెల్లదు. ఒకే వరుసలో ఉన్నవాళ్లనే పక్కపక్కన పెట్టాలి.

ఒక టర్మ్ పూర్తిచేసిన సిట్టింగ్ మీద డెమొక్రాట్ల వాటా:
1956 స్టీవెన్సన్ 42.2
1972 మెక్‌గవర్న్ 38.2
1984 మాండేల్ 40.8
2004 కెర్రీ 48.8
2020 బైడెన్ 52.3

ఎనిమిదేళ్లు, ఆపైన సాగిన రిపబ్లికన్ పాలన తర్వాత:
1960 కెనడీ 50.1
1976 కార్టర్ 51.1
1988 డుకాకిస్ 46.1
1992 క్లింటన్ 53.5
2008 ఒబామా 53.7

మొదటి వరుసలో అట్టడుగున ఉన్నది మెక్‌గవర్నే. ఆయన వియత్నాం నుంచి వెంటనే వైదొలగుతామన్నారు, ప్రతి మనిషికీ ఏడాదికి 1,000 డాలర్లు ఇస్తామన్నారు. ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న ఈగిల్టన్‌ను 18 రోజులకే మార్చుకోవాల్సి వచ్చింది. చివరికి మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్ తప్ప అన్నీ పోయాయి. ఆయన కంటే మధ్యకు దగ్గరగా ఉన్న, ఉపాధ్యక్షుడిగా పనిచేసిన మాండేల్‌కూ మిన్నెసోటా, వాషింగ్టన్ మాత్రమే దక్కాయి. 1984లో అమెరికా ఆర్థిక వృద్ధి 7 శాతం దాటింది. ఆ ఏడాది రీగన్ మీద ఎవరు నిలబడినా కష్టమే. ఇద్దరి మధ్య తేడా 2.6 పాయింట్లు. అందులో ఈగిల్టన్ వ్యవహారం వాటా ఎంతో, భావజాలం వాటా ఎంతో విడదీయలేం.

రెండో వరుసలో క్లింటన్, ఒబామాల మధ్య తేడా 0.2 మాత్రమే. ఒకరు పార్టీని మధ్యకు లాగడానికే పుట్టిన డెమొక్రటిక్ లీడర్‌షిప్ కౌన్సిల్‌కు చైర్మన్‌గా చేసినవారు, ఇంకొకరు లిబరల్ ర్యాంకులో మొదటివారు. కాకపోతే ఒబామా లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలిన ఏడు వారాలకు ఓటర్ల ముందుకు వచ్చారు. అలాంటి ఊపులో ఇంకా ఎక్కువ రావాల్సింది అనేవాళ్లూ ఉన్నారు, ఆ అభ్యంతరం కొట్టిపారేసేది కాదు.

కొత్త ఓటర్ల వాదం

‘లెఫ్ట్ అభ్యర్థి అయితే ఇంట్లో కూర్చున్నవాళ్లు బయటికొచ్చి ఓటేస్తారు’ అన్నది అవతలి వాదం. దీన్ని లెక్కగట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. కొత్త ఓటరు వస్తే మెజారిటీ ఒకటి పెరుగుతుంది. ఎదుటి పార్టీ ఓటరు ఇటు మారితే రెండు పెరుగుతుంది, అక్కడ ఒకటి తగ్గి ఇక్కడ ఒకటి కలుస్తుంది కాబట్టి. మధ్యలో లక్ష మందిని ఎదుటి పార్టీకి పోగొట్టుకుంటే, ఆ లోటు పూడ్చడానికి రెండు లక్షల కొత్త ఓట్లు కావాలి.

ప్రతినిధుల సభ ఎన్నికల మీద ఆండ్రూ హాల్ 2015లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో గట్టి ఆధారం. ప్రైమరీలో స్వల్ప తేడాతో తీవ్ర అభ్యర్థి (మధ్యకు బాగా దూరంగా ఉన్నవారు) గెలిచిన చోట, అసలు ఎన్నికలో ఆ పార్టీ వాటా 9 నుంచి 13 పాయింట్లు పడిపోయింది. హాల్, థాంప్సన్ తర్వాత చేసిన పరిశోధనలో దానికి కారణం కనపడింది: తీవ్ర అభ్యర్థి వల్ల ఎక్కువగా కదిలి పోలింగ్‌కు వచ్చింది ఎదుటి పార్టీ ఓటర్లే. ఆ 9 నుంచి 13 పాయింట్లను మాత్రం అధ్యక్ష ఎన్నికకు తెచ్చి అతికించొద్దు. అక్కడ పార్టీ విధేయత, డబ్బు, టీవీ ప్రచారం రెండు వైపులా సమానంగా పెరుగుతాయి, ప్రభావం చిన్నదవుతుంది.

మా అంచనా ఇది: లెఫ్ట్ వైపు ఒరగడానికి కొంత మూల్యం ఉంది, అది ఒకటి రెండు పాయింట్ల పాటిది. అధికార పార్టీ ఎన్నేళ్లుగా ఉంది, ఆర్థిక పరిస్థితి ఎలా ఉంది అన్నవి అంతకంటే చాలా పెద్దవి. కానీ ఇప్పటి పోటీల్లో ఆ ఒకటి రెండు పాయింట్లే తేలుస్తున్నాయి. 2020లో జార్జియాలో 11,779, అరిజోనాలో 10,457, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్లు బైడెన్ మెజారిటీ. మొత్తం 42,918. ఈ మూడు రాష్ట్రాలూ ట్రంప్ వైపు పడితే ఎలక్టోరల్ ఓట్లు 269–269 అయ్యేవి.

ఇంటి పని

2016 మిషిగన్ తీసుకోండి. హిల్లరీ క్లింటన్ 10,704 ఓట్లతో ఓడారు. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు 51,463 వచ్చాయి. ‘లెఫ్ట్ ఓట్లు చీలి ఓడింది’ అని రాసేముందు, లిబర్టేరియన్ పార్టీ (ప్రభుత్వ జోక్యం తగ్గాలనే పార్టీ) గ్యారీ జాన్సన్‌కు వచ్చిన 1.72 లక్షలను కూడా పట్టికలో పెట్టండి. స్టైన్ ఓటర్లలో సగం మంది అసలు ఓటే వేయరనుకుని ఒకసారి, జాన్సన్ ఓటర్లలో నాలుగో వంతు ట్రంప్‌కు వెళ్తారనుకుని ఇంకోసారి లెక్క చేయండి. జవాబు ఎన్నిసార్లు తిరగబడిందో రాసుకోండి. ఐదో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.