నాన్న బీరువా ఎలా సర్దాలి

పెద్దకర్మ అయ్యాక అమ్మ బీరువా తాళాలు తెచ్చి చేతిలో పెడుతుంది. ఒక్కరే తెరవకండి. అక్కాచెల్లెళ్లు ఊళ్లకి వెళ్లేలోపే అందరి ముందూ తెరిచి, బంగారం, డబ్బు, కాగితాలు ఏమున్నాయో ఫోన్లో ఫోటోలు తీసుకుంటే రేపు మాట పడక్కర్లేదు. మరణ ధ్రువపత్రం ఒకటికి నాలుగు తీసుకోండి.

నాన్న సిమ్ అప్పుడే తీసెయ్యకండి. ప్రీమియం కట్టమనీ, డిపాజిట్ గడువు తీరిందనీ వచ్చే మెసేజ్‌లే ఎక్కడ ఏముందో చెప్తాయి. ఆయన ఏటీఎం కార్డు మాత్రం వాడొద్దు, మిగతా వారసులు అడిగితే ఇరుక్కుంటారు. మరిచిపోయిన ఖాతాలుంటాయని అనుమానమొస్తే రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఉద్గం పోర్టల్‌లో వెతకండి, పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఖాతాలైనా వారసులు అడిగి తీసుకోవచ్చు.

కాగితం చిత్తులా ఉన్నా చదవకుండా పారేయొద్దు. మాకు ఎల్‌ఐసీ బాండు పాత పంచాంగంలో దొరికింది. ప్రామిసరీ నోటు కనిపిస్తే తేదీ చూసి వెనక్కి తిప్పండి. మామూలుగా మూడేళ్లలోపు కోర్టుకి వెళ్లాలి, ఆలోపు కొంత కట్టి వెనకాల చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. నాన్న రాసిచ్చిన నోటు పట్టుకుని ఎవరైనా వస్తే కంగారు పడకండి, ఆయన ఆస్తిలో మీకు వచ్చినంత మేరకే మీ బాధ్యత.

మా నాన్న ట్రంకుపెట్టెలో 2009 నాటి నోటు దొరికింది. నలభై వేలు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం మా వెనకింటి బాబాయిది, వెనకాల ఒక్క చెల్లు లేదు. నాన్న పాడెకి ముందు భుజం పట్టింది ఆయనే. అదే కవర్లో అదే ఏడాది నా హాస్టల్ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టిన రసీదు కూడా ఉంది! అమ్మనడిగితే, “వాళ్లమ్మాయి పెళ్లిలే” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు అడిగేద్దామన్నాడు, కాలం చెల్లిన నోటుతో ఏమడుగుతాం అన్నాన్నేను, ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు. నోటు ఇంకా నా దగ్గరే ఉంది.

బట్టలు ఆఖర్న చూడండి, ఎవరికైనా ఇచ్చేముందు ప్రతి జేబూ తడమండి. మాకు లాకరు తాళంచెవి దొరికింది లాల్చీ జేబులోనే, అప్పటికి దాని కోసం బ్యాంకు చుట్టూ మూడు వారాలు తిరిగాం.