నిశ్చయం చెప్పే మాటలు – 7వ పాఠం: ‘కచ్చితంగా వస్తడేమో’

పోయిన పాఠంలో కచ్చితం, ఖాయం, రూఢి, పక్కా నాలుగూ నిశ్చయాన్ని చెప్పే మాటలేనని రాసి, తలా ఒక ఉదాహరణ ఇచ్చి వదిలేశాను. మీ అభ్యాసాలు చూశాక నా తొందర నాకే తెలిసొచ్చింది. పది వాక్యాలు రాయమంటే చాలామంది పదింటిలోనూ ‘కచ్చితంగా’నే దూర్చారు. ఒకరైతే ‘రేపు కచ్చితంగా వాన పడ్తదేమో’ అని రాశారు. ఇవాళ మొదలుపెట్టాల్సిన ప్రశ్నార్థకాలు ఆగనీ, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

‘క’నా ‘ఖ’నా అని అడిగినవాళ్లకు: నేను ‘క’ రాస్తాను. పేపర్లలో రెండూ కనిపిస్తాయి. నడవనీయండి.

కచ్చితం అసలు కొలతల మాట. సాగర్ డ్యామ్ నిండు మట్టం 590 అడుగులు, క్రస్ట్ గేట్లు 26. ఇవి కచ్చితమైన లెక్కలు. శ్రీశైలం నుంచి వరద దిగుతూ సాగర్ నిండడానికి అడుగో అరడుగో మిగిలినప్పుడు ‘ఇయ్యాల గేట్లు ఎత్తుడు ఖాయం’ అంటాం. ఖాయం జరగబోయేదానికి. అరబ్బీలో ‘నిలబడింది’ అని దాని అర్థం, ఉర్దూ మీదుగా మన నోటికొచ్చింది. ఇక గేట్లు ఎత్తారని ఎవరో అంటే, డ్యామ్ దగ్గరుండే బావమరిదికి ఫోన్ చేసి రూఢి చేసుకుంటాం. రూఢి అనేది తెలుసుకునే మనిషి వైపు మాట. అందుకే ‘గేట్లు ఎత్తుడు రూఢి’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. పక్కాకు, పండిన పండును చెప్పే పక్వానికి మూలం ఒకటే.

‘వస్తవా?’ అంటే ‘కచ్చితంగా!’ అని ఒక్క ముక్కలో జవాబివ్వడం నాకు నచ్చదు. టీవీ చర్చల వాసన. ‘జరూర్ వస్త’ అనండి, లేదా ‘రాకేం?’ అనండి.

అసలు గుంట వేరే చోట ఉంది. దేవరకొండ దిక్కు మా చెలకలో బోరు వేయించినప్పుడు నీళ్లు చూసేటాయనను పిలిచాం. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కొబ్బరికాయ ఒకచోట లేచి నిటారుగా నిలబడింది. “సారూ, ఈడ నీళ్లు పడ్తయి” అన్నాడు. బండి వచ్చింది. 150 అడుగుల దగ్గర తెల్లటి రాతిపొడి లేస్తుంటే “పడాలె” అన్నాడు. 250 దగ్గర “పడొచ్చు.” 320 దగ్గర చెట్టు కిందికి జరిగి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ “పడ్తయేమో సారూ, రాయి గట్టిగున్నది.” 400 దగ్గర బండివాళ్లు రాడ్లు పైకి లాగుతుంటే “పడాల్సింది” అని, కొబ్బరికాయ సంచిలో వేసుకున్నాడు.

ఒక్కసారి కూడా ‘కచ్చితంగా’ అనలేదు, గమనించారా? అయినా ఆయనకు ఎప్పుడెంత నమ్మకముందో మనకు తెలుస్తూనే ఉంది. తెలుగులో నిశ్చయం క్రియ తోకలో ఉంటుంది. ముందు ఎంత బరువైన మాట పెట్టినా, తోకలో ‘ఏమో’ వస్తే మొత్తం గాలికి పోతుంది.

‘వచ్చిండు’ అంటే చూశాను. ‘వచ్చినట్టున్నది’ అంటే వాకిట్లో చెప్పులు చూశాను. ‘వచ్చి ఉంటడు’ అంటే టైమ్ చూసి లెక్కగట్టాను. ‘వచ్చే ఉంటడు’లో ఒక్క ‘ఏ’ చేరి ఆ లెక్క గట్టిపడింది. ‘కచ్చితంగా వచ్చి ఉంటడు’ కంటే నాకు ఇదే ఇష్టం. ‘వచ్చి తీరుతడు’ అంటే పందెం కాస్తున్నాను. ‘వచ్చిండంట’ అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. పాలమూరు పిల్లలమర్రి గురించి ‘కచ్చితంగా 700 ఏళ్ల చెట్టు’ అని ఒకరు రాశారు. ఆ చెట్టు బారసాలకు పోయొచ్చినవాళ్లెవరు? ‘700 ఏళ్లదంటరు’ చాలు.

‘తెలియదు’ ముందు కచ్చితంగా పెట్టకండి. ‘ఎన్ని కుంటలో కచ్చితంగా తెల్వదు’ అంటే కొంత తెలుసు, లెక్క తెలియదు. ‘ఆయనకు కచ్చితంగా తెల్వదు’ అంటే? సరిగ్గా తెలియదనా, అసలే తెలియదనా? చెప్పినవాడు ఒకటనుకుంటాడు, విన్నవాడు ఇంకోటి. పొలం గట్ల పంచాయితీలో ఈ ఒక్క వాక్యం మీద పొద్దు గుంకేదాకా అరుచుకున్నవాళ్లను చూశాను. ‘సరిగ్గ తెల్వదు’, ‘తెల్వనే తెల్వదు’ అని రెండు మాటలుండగా మూడోదెందుకు?

అన్నట్టు, అభ్యాసం. మీ ఊరి బస్టాండులో రెండు గంటలు కూర్చోండి. ‘బస్సు వస్తదా?’ అన్నవాళ్లకు వచ్చే జవాబులు ఇరవై రాసుకోండి, తోకలతో సహా. ఒక్కోదాని పక్కన చూసి చెప్పాడా, లెక్కగట్టి చెప్పాడా, విని చెప్పాడా రాయండి. బస్సు నిజంగా ఎన్నింటికి వచ్చిందో కూడా రాయండి. మీ నోట ‘కచ్చితంగా’ వచ్చిందా, మళ్లీ ఒకటి నుంచి లెక్క.