స్పానిష్‌లో ‘నాకు కావాలి’ అనడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. ఓడ ఉద్యోగానికి వెళ్లబోతున్న మా మేనల్లుడిని రోజూ సాయంత్రం కొబ్బరితోటలో కూర్చోబెట్టి స్పానిష్ చెబుతున్నాను. మొదట నేర్పిన మాట ‘కియేరో’.

మనం ‘నాకు కావాలి, నీకు కావాలి’ అంటాం, ‘కావాలి’ మారదు. స్పానిష్‌లో మారేది క్రియే. నాకైతే కియేరో, నీకైతే కియేరెస్, ఆయనకైతే కియేరే, మాకైతే కెరేమోస్. ఈ చివరిదాంట్లో ‘కియే’ కాస్తా ‘కె’ అయిపోయింది, గమనించండి. మావాడు వారం రోజులు ‘కియేరేమోస్’ అనే అన్నాడు. ఎవరికి కావాలో క్రియే చెప్పేస్తుంది కాబట్టి ‘యో’, అంటే ‘నేను’, చాలాసార్లు అక్కర్లేదు.

వస్తువైతే పక్కన దాని పేరు పెట్టండి: ‘కియేరో ఉన్ కోకో’, నాకో కొబ్బరికాయ కావాలి. పనైతే క్రియ మూలరూపం పెట్టండి: ‘కియేరో కోమేర్’, నేను తినాలనుకుంటున్నాను. ‘నాకు తినాలనుంది’ అనే మన మాటకి దగ్గరగా వచ్చేది ‘తెంగో గానాస్ దే కోమేర్’.

కొట్లో అడిగేటప్పుడు కియేరో కొంచెం కటువుగా వినబడొచ్చు. ‘కిసియేరా ఉన్ కఫే, పోర్ ఫవోర్’ అనండి, అంటే ‘దయచేసి, నాకో కాఫీ కావాలండి’ అని. ‘మే గుస్తరీయా’, అంటే ‘నాకు ఇష్టమవుతుంది’, కూడా మర్యాదగా ఉంటుంది. అందులో ‘మే’ అంటే అచ్చంగా మన ‘నాకు’! అంత దూరపు భాషలో మన వాక్యం కనబడినప్పుడు నాకెంత సంతోషమో.

ఒక్క జాగ్రత్త. ‘తే కియేరో’ అంటే నువ్వంటే నాకు ప్రేమ అని. బాగా దగ్గరివాళ్లతోనే అనాలి. మావాడు బయల్దేరే రోజు వాళ్లమ్మతో అనడానికి దాన్ని దాచుకున్నాడు.