పాత ఇషాపూర్ రైఫిల్‌ను గుర్తించి, శుభ్రపరిచి, కాపాడుకోవడం ఎలా?

జేజినాయన కాలం నుండి లైసెన్సుతో వస్తున్న రైఫిల్ ఉన్న ఇళ్లు కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడు దానిని పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, అవి ముగిశాక తెచ్చుకోవడం ఆ ఇళ్లవారికి అలవాటే గానీ, నెలల తరబడి మూలన నిలబడిన ఇనుముకు చేయవలసిన సేవ చాలామందికి తెలియదు.

మొదట, మీ చేతిలో ఉన్నది ఏ రైఫిలో తేల్చుకోండి. మన ఊళ్లలో ‘త్రీ నాట్ త్రీ’ అని పిలిచేవన్నీ త్రీ నాట్ త్రీలు కావు. సైనిక తూటా వాడే .303 నిషేధిత బోరు (గొట్టం లోపలి కొలత) కనుక పౌరుల కోసం బ్రిటిష్ సైనిక రైఫిలైన లీ ఎన్‌ఫీల్డ్ బాడీ మీదే, బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారుచేశారు. సైనిక రైఫిల్ మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, .315లో 5 మాత్రమే. లైసెన్సులో రాసిన బోరు, రైఫిల్ మీద కొట్టిన బోరు ఒకటిగా ఉండాలి. కాగితాలు లేని .303 పాత పెట్టెలో బయటపడితే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం అది ఇంట్లో ఉంచుకోదగినది కాదు గనుక, శుభ్రం చేసే పని పెట్టుకోకుండా వెంటనే పోలీసులకు తెలియజేయండి.

తరువాత ముద్రలు చదవండి. బట్ (భుజానికి ఆనించే చెక్క) మొదట్లో ఉండే ఇనుప పట్టీకి కుడివైపున కిరీటం, జి.ఆర్.ఐ. (జార్జి చక్రవర్తి) అనే అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం కనిపిస్తే అది బ్రిటిష్ పాలనలో తయారైన భారతీయ రైఫిల్. స్వాతంత్ర్యం తరువాత కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి. ఎఫ్.టి.ఆర్. అనే అక్షరాలు, పక్కన సంవత్సరం ఉంటే, కర్మాగారంలో పూర్తిగా విప్పి మరమ్మతు చేసినదని అర్థం. అలాంటి కొన్నింటికి ఇనుము మీద నల్లని పెయింటు, ముందు చెక్క చీలకుండా అడ్డంగా బిగించిన స్క్రూ ఉంటాయి. పెయింటు చూసి రైఫిల్ కొత్తదిగా ఉందని మురిసిపోకండి, దాని కింద పాత తుప్పు దాగి ఉండవచ్చు. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పిడి వెనుక నంబరు బాడీ నంబరుతో కలవకపోతే, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ గేజ్ పెట్టి పరీక్షించేవరకు కాల్చకూడదు.

ఇక శుభ్రపరచడం. మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ చిటికెన వేలితోనూ రెండుసార్లు నిర్ధారించుకోండి. బోల్ట్‌ను చివరివరకు వెనక్కి లాగి, దాని తలను పైకి తిప్పితే మొత్తం వెలుపలికి వస్తుంది. పాత సైనిక తూటాల క్యాపులో (అడుగున ఉండి మందును అంటించే భాగం) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలి మిగిల్చే ఉప్పు గాలిలోని తేమను పీల్చి బ్యారెల్‌ను లోపలి నుండి తినేస్తుంది. ఉప్పు నీటిలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు, కాబట్టి ఎంత నూనె పోసినా ఆ తుప్పు ఆగదు. అలాంటి తూటాలు కాల్చిన రైఫిల్ మూతిని కిందికి వంచి, చెక్క తడవకుండా గరాటుతో సుమారు లీటరు మరిగే నీరు వెనుక నుండి పోయండి. వేడెక్కిన ఇనుము దానంతటదే త్వరగా ఆరుతుంది. ఆ తరువాత పుల్‌త్రూ (ఒక కొసన బరువు, మరో కొసన గుడ్డ ఉండే తాడు) బరువును ఛాంబర్ వైపు నుండి జారవిడిచి, చిందీ గుడ్డను మూతి వైపు నుండి లాగండి. తాడు వంకరగా లాగితే ఏళ్లు గడిచేకొద్దీ మూతి అంచు అరిగి గురి చెడుతుంది. చిందీ తెల్లగా వచ్చాక పలుచగా నూనె పట్టించండి, మళ్లీ కాల్చే ముందు ఛాంబర్‌ను పొడిగా తుడవండి.

నూనె విషయంలో మన జిల్లాల్లో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. వేరుశనగ నూనె ఇంట్లో ఉంది కదా అని రాస్తారు. అది కొన్నాళ్లకు జిగురుగా మారి, అనంతపురం దుమ్మును పట్టుకొని బోల్ట్‌ను బిగించేస్తుంది. కుట్టు మిషన్ నూనె దానికంటే ఎంతో మేలు. చెక్కకు మాత్రం అవిసె నూనె చాలా పలుచగా, పొర పొరకు ఆరనిచ్చి రుద్దండి, లేకపోతే ఎండాకాలంలో చెక్క ఎండి స్క్రూలు వదులవుతాయి. ఉప్పుకాగితం, వైరు బ్రష్షు దగ్గరకు రానీయకండి, ముద్రలు చెరిగిపోతే రైఫిల్ చరిత్ర కూడా పోతుంది.

తోలు సంచీలోనో ఖాకీ కవరులోనో పెట్టి మరిచిపోవద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. తూటాలను వేరుగా తాళంలో పెట్టి, రైఫిల్‌ను మరో తాళం ఉన్న పొడి బీరువాలో నిలబెట్టండి. ఇక్కడ గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో కురుస్తాయి గనుక, ఆ రెండు నెలల్లో పదిహేను రోజులకొకసారి తీసి తుడిచి నూనె పట్టించండి. స్టేషన్ నుండి తెచ్చిన రోజైతే, ఇల్లు చేరిన సాయంత్రమే.