సాకెట్ పాఠాలు – 4: ఒకే సాకెట్, రెండు రకాల అడ్రస్‌లు

పోయిన భాగంలో బత్తాయి ధరల సర్వర్‌ను పైథాన్‌లో రాశాం. అదే లాప్‌టాప్ నుంచి అడిగితే నల్లగొండ మార్కెట్ రేటు చెప్పింది. సాకెట్ అంటే ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం. అయితే అది ఏఎఫ్_ఐనెట్ సాకెట్, అంటే ఐపీవీ4 అనే పాత తరహా ఇంటర్నెట్ అడ్రస్‌లకే పలుకుతుంది. ఈ సర్వర్ బయట పనిచేయాలంటే ఇది చాలదు.

ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లు. మొత్తం కలిపితే సుమారు 430 కోట్ల అడ్రస్‌లు. ఇంటర్నెట్ అడ్రస్‌లను ప్రాంతీయ సంస్థలకు పంచే ఐయానా అనే సంస్థ దగ్గరున్న చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. దాని తర్వాతి తరమైన ఐపీవీ6 అడ్రస్ 128 బిట్లు. దేవరకొండ వైపు తోటలో ఉన్న రైతు మొబైల్ డేటాలో చూస్తే ఆ ఫోన్‌కు ఐపీవీ6 అడ్రస్ ఉండే అవకాశం ఎక్కువ. మార్కెట్ దగ్గర కమీషన్ ఏజెంటు ఆఫీసులో పాత రూటర్ ఉంటే అక్కడ ఐపీవీ4 ఒక్కటే ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే రేటు, ఒకే సమయానికి అందాలి.

దీనికి రెండు సాకెట్లు తెరవొచ్చు, లేదా ఒక ఏఎఫ్_ఐనెట్6 (ఐపీవీ6) సాకెట్‌తోనే రెండు రకాలనూ తీసుకోవచ్చు. మన చిన్న సర్వర్‌కు రెండో దారే మేలు. ఇందులో కీలకమైన ఆప్షన్ ఐపీవీ6_వీ6ఓన్లీ. దాని విలువ 1 అయితే సాకెట్ ఐపీవీ6 వాళ్లనే రానిస్తుంది. 0 అయితే ఐపీవీ4 వాళ్లనూ రానిస్తుంది.

ఈ ఆప్షన్‌ను మీరే సెట్ చేయండి, సిస్టమ్‌కు వదిలేయకండి. లినక్స్‌లో మామూలుగా 0 ఉంటుంది, విండోస్‌లో 1. ఓపెన్‌బీఎస్‌డీలో అయితే 0 చేయడమే కుదరదు. మీ లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ఇంకొకరి దగ్గర సగం మందికి పలకకపోతే ముందు చూడాల్సింది ఇక్కడే. సెట్ చేసేది కూడా బైండ్‌కు (సాకెట్‌ను ఒక అడ్రస్‌కు, పోర్ట్‌కు కట్టే పనికి) ముందే, తర్వాత చేస్తే ఒప్పుకోదు.

పైథాన్ 3.8 నుంచి ఈ పనంతా ఒక్క పిలుపుతో అయిపోతుంది. సాకెట్.క్రియేట్_సర్వర్‌కు ఖాళీ హోస్ట్, పోర్ట్ 5000, ఫ్యామిలీగా ఏఎఫ్_ఐనెట్6 ఇచ్చి, డ్యూయల్‌స్టాక్_ఐపీవీ6 అనే దాన్ని ట్రూ చేయండి. అంతకు ముందు హ్యాజ్_డ్యూయల్‌స్టాక్_ఐపీవీ6ను పిలిచి, ఆ మెషీన్‌కు ఈ శక్తి ఉందో లేదో అడగడం మంచి అలవాటు.

ఇప్పుడు నడిపి చూద్దాం. ఒక టెర్మినల్‌లో సర్వర్ పెట్టి, ఇంకో టెర్మినల్ నుంచి ::1కు (ఐపీవీ6లో మన సొంత మెషీన్ అడ్రస్‌కు) కనెక్ట్ అవ్వండి. వచ్చినవాళ్ల అడ్రస్ ::1 అనే కనిపిస్తుంది. తర్వాత 127.0.0.1కు (ఐపీవీ4లో మన సొంత మెషీన్ అడ్రస్‌కు) కనెక్ట్ అవ్వండి. ఈసారి కనిపించేది ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:127.0.0.1. చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. కంగారేమీ లేదు, దీన్ని మ్యాప్డ్ అడ్రస్ అంటారు. ముందు 80 సున్నా బిట్లు, తర్వాత 16 ఒకట్లు, చివరి 32 బిట్లలో అసలు ఐపీవీ4 అడ్రస్. నెట్‌వర్క్ మీద నడిచింది మాత్రం మామూలు ఐపీవీ4 ప్యాకెట్టే. ఈ రూపం మన ప్రోగ్రామ్‌కు చూపించడానికి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ప్రధాన భాగం) వేసినది.

చూడ్డానికి చిన్న విషయమే, కానీ దెబ్బ గట్టిగా తగులుతుంది. రేట్లు మార్చే హక్కు 192.0.2.25 అనే ఒక్క మెషీన్‌కే ఇచ్చారనుకోండి. వచ్చిన అడ్రస్‌ను ఆ అక్షరాలతో నేరుగా పోల్చితే ఎప్పటికీ కలవదు, ఎందుకంటే వచ్చేది ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:192.0.2.25. అదే తీరుగా ఎవరినైనా ఆపాలని పెట్టిన జాబితా ఉంటే, వాళ్లు దర్జాగా లోపలికి వచ్చేస్తారు. ఇది ఇంకా ప్రమాదం. అందుకే అడ్రస్‌లను అక్షరాలుగా పోల్చకండి. ఐపీఅడ్రస్ మాడ్యూల్‌తో చదివించి, ఐపీవీ4_మ్యాప్డ్ అనే గుణంలో విలువ ఉంటే దాన్ని తీసుకోండి, లేకుంటే అసలు అడ్రస్‌నే వాడండి. ఈ పనికి ఒక చిన్న ఫంక్షన్ రాసి, లాగ్‌లోకి వెళ్లేదైనా, అనుమతి చూసేదైనా దాని గుండానే పోనివ్వండి.

ఇంకొకటి. ఐపీవీ4 సాకెట్ యాక్సెప్ట్ చేసినప్పుడు అడ్రస్‌లో హోస్ట్, పోర్ట్ అని రెండే వచ్చేవి. ఐపీవీ6లో ఫ్లో సమాచారం, స్కోప్ ఐడీ కలిసి నాలుగు వస్తాయి. పోయిన భాగంలో రెండు పేర్లలోకి విడదీసిన లైను ఇప్పుడు వాల్యూఎర్రర్ ఇస్తుంది. మొదటి రెండింటినే తీసుకునేలా మార్చండి.

క్లయింట్ వైపు పని తక్కువ. క్రియేట్_కనెక్షన్‌కు పేరు ఇస్తే చాలు. అది గెట్‌అడ్రిన్ఫోను (పేరుకు అడ్రస్‌లు వెతికిపెట్టే ఫంక్షన్‌ను) అడిగి, వచ్చిన అడ్రస్‌లను వరుసగా ప్రయత్నిస్తుంది. క్లయింట్ కోడ్‌లో అంకెల అడ్రస్ రాయవద్దు.

అభ్యాసం: లినక్స్‌లో సర్వర్ నడుస్తుండగానే, అదే 5000 పోర్ట్ మీద ఇంకో ప్రోగ్రామ్‌లో 0.0.0.0కు ఏఎఫ్_ఐనెట్ సాకెట్ బైండ్ చేయండి. అడ్రస్ అప్పటికే వాడుకలో ఉందని తిరగగొడుతుంది. తర్వాత మొదటి సర్వర్‌ను డ్యూయల్‌స్టాక్_ఐపీవీ6 ఫాల్స్‌గా మార్చి మళ్లీ నడపండి. ఇప్పుడు రెండూ పక్కపక్కనే నిలబడతాయి. ఎందుకో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే భాగంలో ఒకేసారి పది మంది రేటు అడిగితే ఏం చేయాలో చూద్దాం.