కొడుకు చేతిలో ఒకరు గాయపడినప్పుడు తల్లిదండ్రులు ఏం చేయాలి

పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడు ఎవరినో కత్తితో పొడిచాడనో, కర్రతో తల పగలగొట్టాడనో కబురు వచ్చినప్పుడు తల్లిదండ్రుల నోట రెండు మాటల్లో ఒకటి వస్తుంది. "ఏం చేసినా వాడు నా కొడుకే" అన్నది మొదటిది. "ఈ రోజుతో వాడు నాకు కొడుకే కాదు" అన్నది రెండవది. మొదటి మాట అన్నవారు పిల్లవాణ్ణి దాచడానికి పూనుకుంటారు. రెండవ మాట అన్నవారు వాణ్ణి పోలీసులకూ లోకానికీ వదిలేసి తలుపు వేసుకుంటారు. ఈ రెండూ బాధ్యత నుంచి తప్పించుకునే దారులేనని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లవాడి పక్కన నిలబడడం, జరిగింది జరిగినట్టు చెప్పడం, దెబ్బతిన్న కుటుంబానికి జవాబుదారీగా ఉండడం అనే మూడు పనులూ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన మనకు బంధుత్వాలు ఆంధ్రలోని పార్వతీపురంలో, పలాసలో, ఇచ్ఛాపురంలో ఉంటాయి. పోలీస్ స్టేషన్లో, కోర్టులో కాగితాలు ఒడియాలో నడుస్తాయి. పిల్లలు ఇంటర్మీడియట్ చదువుకు విశాఖపట్నం హాస్టళ్లలో ఉంటారు. మామూలు రోజుల్లో సర్దుకుపోయే ఈ పరిస్థితి, ఇలాంటి ఆపద వచ్చిన రోజున చాలా చిక్కులు తెచ్చిపెడుతుంది.

ముందే కనిపించే గుర్తులు

తల్లిదండ్రుల జవాబుదారీతనం నేరం జరిగిన రోజున మొదలవదు. 2021 నవంబరు 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో పదిహేనేళ్ల విద్యార్థి తుపాకితో కాల్చి నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. ఆ తుపాకిని కొద్ది రోజుల ముందే తండ్రి కొన్నాడు. ఆ రోజు ఉదయమే పిల్లవాడి లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మనూ, రక్తం కారుతున్న మనిషి బొమ్మనూ, సాయం చేయమని వేడుకునే మాటలనూ టీచరు చూడడంతో బడివారు తల్లిదండ్రులను పిలిపించి, పిల్లవాణ్ణి వెంటనే వైద్యసాయానికి తీసుకువెళ్లమని కోరారు. వారు తీసుకువెళ్లలేదు, ఇంట్లో తుపాకి ఉందని కూడా చెప్పలేదు. 2024లో వేరువేరు విచారణల్లో తల్లినీ తండ్రినీ జ్యూరీలు దోషులుగా తేల్చాయి. ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది. కొడుకు చేసిన హత్యలకు కాదు, కళ్లెదుట కనిపించినదాన్ని పట్టించుకోని తమ సొంత నిర్లక్ష్యానికి వారు శిక్ష అనుభవిస్తున్నారు.

మన ఇళ్లలో పిస్తోళ్లు ఉండవు గానీ గొడ్డలి, కొడవలి, పొలానికి తెచ్చిన పురుగుమందు గోడవారనే ఉంటాయి. పిల్లవాడు ఫలానా మనిషిని చంపుతానని పేరు పెట్టి పదే పదే అంటున్నా, జేబులో కత్తి పెట్టుకొని తిరుగుతున్నా, మూగజీవాలను హింసించి ఆనందిస్తున్నా, రాత్రుళ్లు నిద్రపోకుండా ఎవరో తనను తిడుతున్నారని అంటున్నా ఆ రోజే ఈ వస్తువులను తాళం వేసిన చోటికి మార్చండి. కోపంలో ఉన్నవాడికి ఆయుధం చేతికి అందకపోవడం ఒక్కటే చాలా సందర్భాల్లో ప్రాణం కాపాడుతుంది. మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరన్న సంగతిని కూడా ఇక్కడే చెప్పాలి. వ్యాధి ఉందని పిల్లవాణ్ణి నేరస్తుడిలా చూడకూడదు, అలాగని వాడు నోరు తెరిచి చేసిన బెదిరింపును కొట్టిపారేయనూ కూడదు.

మన ఏజెన్సీ ప్రాంతాల్లో గంజాయి సులువుగా దొరుకుతుంది కాబట్టి దాని గురించి విడిగా చెప్పవలసి ఉంది. ఎదిగే వయసులో విపరీతంగా గంజాయి తాగేవారికి భ్రమలు, అనుమానాలతో కూడిన తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టడం వల్ల, భూతవైద్యుడి దగ్గరికి తిప్పడం వల్ల విలువైన రోజులు పోతాయి. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బయలుదేరేలోగా సలహా కావాలంటే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ద్వారా తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు రాసిన ప్రతి చీటీనీ దాచిపెట్టండి. తరువాత దాని అవసరం రావచ్చు.

జరిగిన తరువాత మొదటి గంటలు

అన్నిటికంటే ముందు దెబ్బతిన్న మనిషి ప్రాణం చూడాలి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చండి. మీ పిల్లవాడి భవిష్యత్తు కూడా ఆ మనిషి బతకడం మీదే ఆధారపడి ఉందన్న ఆలోచన వస్తే రానివ్వండి, కానీ ఆ లెక్క లేకపోయినా చేయవలసిన పని ఇదే.

ఆ తరువాత ఇంట్లో జరిగేది నాకు తెలుసు. తల్లి ఎవరూ చెప్పకుండానే రక్తం అంటిన చొక్కాను బకెట్లో నానబెట్టి సబ్బు అందుకుంటుంది. తండ్రి విశాఖ వైపు వెళ్లే రైలు ఎన్ని గంటలకో కనుక్కుంటాడు. మేనమామ పార్వతీపురం నుంచి ఫోన్ చేసి "రాత్రికి రాత్రే మా ఇంటికి పంపేయండి, నాలుగు రోజులు పోతే సద్దుమణుగుతుంది" అంటాడు. ఆ చొక్కాను తాకకండి, ఆ రైలు ఎక్కించకండి, ఫోన్లో ఉన్న మెసేజీలు చెరిపేయనివ్వకండి. సాక్ష్యాన్ని మాయం చేయడం, నేరం చేసినవారికి తెలిసి ఆశ్రయమివ్వడం మన చట్టంలో వేరువేరు నేరాలు. ఆశ్రయమిచ్చిన భార్యకో భర్తకో మినహాయింపు ఉంది గానీ, తల్లికీ తండ్రికీ మేనమామకూ లేదు. 2024 మే 19న పుణెలో మైనరు బాలుడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన కేసులో, రక్త నమూనాలు మార్పించారన్న ఆరోపణపై ఆ బాలుడి తండ్రినీ తల్లినీ పోలీసులు అరెస్టు చేశారు. పిల్లవాణ్ణి కాపాడబోయి తల్లిదండ్రులే జైలు పాలైతే, ఆ పిల్లవాడి పక్కన నిలబడడానికి ఎవరు మిగులుతారు?

పిల్లవాణ్ణి కొట్టవద్దు, పోలీసుల ముందు ఏం చెప్పాలో కట్టుకథ నేర్పవద్దు. వాడికి తిండి పెట్టి, పక్కన కూర్చొని, మనం కలిసి స్టేషన్‌కు వెళుతున్నామని ఒక్క మాట చెప్పండి. ఆ రాత్రి వాడు తనకు తానే హాని చేసుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఒంటరిగా గదిలో వదలవద్దు.

ఊరి పెద్దలు కూర్చొని ఇంత డబ్బు కట్టించి ముగిద్దామంటే హత్య, హత్యాయత్నం వంటి కేసులు ఆ విధంగా ముగియవు. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయి, జరిగింది లైంగిక హింస అయితే, తెలిసినవారు పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో చట్టం ప్రకారం నేరం. ఆ పంచాయితీలో కూర్చున్న పెద్దలకు కూడా ఈ మాట వర్తిస్తుందని వారికి మర్యాదగా గుర్తుచేయండి.

స్టేషన్లో

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడికి 2015 నాటి బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. అందుచేత మీరు మొదట పట్టుకెళ్లవలసింది వయసు రుజువు. బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రమో, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టో ఉంటే దానికే మొదటి విలువ. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్షలు. ఆధార్ కార్డు ఒక్కటే చూపి ఊరుకోవద్దు. ఆంధ్రలో చదివిన పిల్లవాడైతే ఆ బడి నుంచి కాగితం తెప్పించడానికి సమయం పడుతుంది కనుక, బంధువుల సాయం నిజంగా కావలసింది ఇక్కడే. పిల్లవాణ్ణి దాచమని కాదు, సర్టిఫికెట్టు తెచ్చిపెట్టమని మేనమామను అడగండి.

పిల్లవాణ్ణి లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, నేరం ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో, మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయడం పోలీసుల విధి. ఘోరమైన నేరమైనా, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైనా ఎఫ్‌ఐఆర్ రాస్తారు; మిగతా సందర్భాల్లో స్టేషన్ డైరీలో నమోదు చేసి, పిల్లవాడి కుటుంబ పరిస్థితులపై నివేదిక తయారు చేస్తారు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది; 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. మీకు అర్థంకాని ఒడియా కాగితం మీద సంతకం పెట్టకండి. చదివి తెలుగులో చెప్పించుకున్న తరువాతే పెట్టండి.

బోర్డు ముందు

బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. అక్కడ జరిగేది పిల్లవాడికి అర్థంకాకపోతే దుభాషిని ఏర్పాటు చేయడం బోర్డు బాధ్యతే కాబట్టి, మొహమాటపడకుండా మొదటి రోజే అడగండి. నేరం జరిగిన జిల్లా వేరు, మీ సొంత జిల్లా వేరు అయితే, పిల్లవాడి మేలు కోసం సొంత జిల్లాకు బదిలీ చేయమని కోరవచ్చు. విశాఖ హాస్టల్లో గొడవ చేసిన రాయగడ పిల్లవాడి విషయంలో ఇది పనికివచ్చే సంగతి.

ఈ చట్టంలో జామీను (బెయిలు) ఇవ్వడమే మామూలు పద్ధతి. విడిచిపెడితే పిల్లవాడు నేరస్తుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు భావిస్తే నిరాకరిస్తుంది. కాబట్టి వాణ్ణి ఎక్కడ ఉంచుతారు, ఎవరు కనిపెట్టి ఉంటారు, చదువు ఎలా సాగుతుంది అన్నవాటికి మీ దగ్గర స్పష్టమైన జవాబులు ఉండాలి.

పదహారు నిండినవాడు హత్య వంటి అత్యంత ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే, పెద్దవాడిగా విచారించాలా అన్నది తేల్చడానికి ముందుగా ఒక మదింపు జరుగుతుంది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత చట్టంలోకి వచ్చిన మార్పు ఇది. కనీస శిక్ష ఏడేళ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ నిర్ణయించిన నేరాలకే ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ దశలో మంచి వకీలు, వెనకటి వైద్యం కాగితాలు చాలా అవసరం.

పిల్లవాడి ఇంటి పరిస్థితులను విచారించి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి వచ్చే రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా కుటుంబాలు కేసును పాడుచేసుకునేది ఇక్కడే. ఆయనో ఆమెనో మంచం మీద కూర్చొని తండ్రి తాగుతాడా, ఇంట్లో కొట్లాటలు ఉన్నాయా, పిల్లవాడు బడి ఎప్పుడు మానేశాడు, ఎవరితో తిరిగేవాడు అని అడుగుతారు. పరువు పోతుందని అంతా బాగానే ఉందని చెబితే, ఆ నివేదిక చదివిన బోర్డుకు పిల్లవాడు ఏ కారణమూ లేకుండా క్రూరుడయ్యాడన్న అభిప్రాయమే మిగులుతుంది. తండ్రి తాగి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగితే ఆ మాట చెప్పండి, ఆ తండ్రే చెబితే మరీ మంచిది. ఆ నివేదిక గోప్యంగా ఉంటుంది. వాడికి ఎలాంటి చికిత్స, ఎలాంటి కౌన్సెలింగు కావాలో దానిని బట్టే నిర్ణయిస్తారు.

సాధారణంగా కొడుకు నేరం తల్లిదండ్రుల నేరం కాదు. అయితే జరిమానా తల్లిదండ్రులనే కట్టమని బోర్డు ఆదేశించవచ్చు. పిల్లవాణ్ణి మీ సంరక్షణలో విడిచిపెడుతూ వాడి సత్ప్రవర్తనకు మూడేళ్ల వరకు మీ చేత బాండు రాయించుకోవచ్చు. మైనరుకు బండి ఇచ్చిన కేసుల్లో మాత్రం మోటారు వాహనాల చట్టం నేరుగా సంరక్షకుణ్ణే పట్టుకుంటుంది: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

దెబ్బతిన్న కుటుంబం

వారి ఇంటికి వెంటనే వెళ్లి కాళ్ల మీద పడాలని అనిపిస్తుంది. ఆ కుటుంబం శోకంలో ఉన్నప్పుడు మీ రాక కేసు వెనక్కి తీసుకోమని చేసే ఒత్తిడిగా కనబడుతుంది, చట్టం దృష్టిలో కూడా సాక్షులను ప్రభావితం చేయడమే కావచ్చు. వకీలుతో మాట్లాడి, ఇరువైపులా నమ్మకం ఉన్న ఒక పెద్దమనిషి ద్వారా రెండే మాటలు పంపండి: మా పిల్లవాడు చేసింది తప్పు, మేము దాచబోవడం లేదు. వైద్యఖర్చు భరించగలిగితే ఆసుపత్రికే కట్టి రసీదు ఉంచుకోండి. దానికి బదులుగా ఏమీ అడగకండి. బాధితులకు ప్రభుత్వ నష్టపరిహార పథకం ఉందని, దానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చని కూడా ఆ పెద్దమనిషి చేత చెప్పించండి. వాళ్ల పిల్లవాణ్ణి మీ ఇంట్లో ఎవరూ చెడుగా మాట్లాడకుండా చూడండి. "వాడే ముందు తిట్టాడట" అన్న ఒక్క మాట వీధి దాటి వారి చెవిన పడడానికి ఎంతో సేపు పట్టదు.

పిల్లవాడు తిరిగి వచ్చేదాకా, వచ్చిన తరువాత

విచారణ సాగుతుండగా మైనర్లను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంటే అనుమతించిన ప్రతి ములాఖత్తుకూ వెళ్లండి, తండ్రి కూడా వెళ్లాలి. మందులు వాడుతున్నవాడైతే చీటీలు హోమ్ అధికారికి ఇవ్వండి. వాడి ఫోటో, పేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే పోలీసులకు ఫిర్యాదు చేయండి. మైనరు వివరాలు బయటపెట్టినవారికి ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చిన్న చెల్లెలికి అన్నయ్య ఊరెళ్లాడని చెప్పకండి. బడిలో తెలిసే లోపు మీరే, ఆ వయసుకు తగ్గ మాటల్లో, ఉన్నది చెప్పండి. బాల న్యాయ చట్టం కింద తేలిన నేరం వల్ల చదువుకు, ఉద్యోగానికి అనర్హత అంటదు. పెద్దవాడిగా విచారించి శిక్ష వేసిన సందర్భం మాత్రమే దీనికి మినహాయింపు. కాబట్టి బడిలో తిరిగి చేర్చుకోమన్నప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెనుకాడితే, ఈ నిబంధన ఉన్న కాగితాన్ని వకీలు చేత రాయించి తీసుకువెళ్లండి. బాండు గడువు ముగిసేదాకా ప్రొబేషన్ అధికారి చెప్పిన తేదీల్లో పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వెళ్లే పని తల్లి ఒక్కదాని మీద వేయకుండా తండ్రి కూడా పంచుకోవాలి, ఆ రోజు కూలి పోయినా, షట్టరు దించవలసి వచ్చినా.