ఆలివ్ నూనెలో మగ్గే గ్రీకు ఇంటి వంటలు: వండుకునే తీరు, తినే తీరు

గ్రీసు ఇళ్లలో రోజూ ఉడికే వంటకూ, ఆ దేశం పేరుతో బయటి హోటళ్లలో వడ్డించే వంటకూ చాలా తేడా ఉంది. హోటళ్లలో మాంసానిదే పెద్దపీట కాగా, ఇళ్లలో కూరగాయలు, పప్పుగింజలు, ఆలివ్ నూనె, నిమ్మరసం ముందుంటాయి. ఈస్టరుకు ముందు వచ్చే సుదీర్ఘ ఉపవాస కాలంలోను, ఏడాది పొడవునా బుధ, శుక్రవారాల్లోను మాంసం, పాలు, గుడ్లు ముట్టకూడదని అక్కడి ఆర్థడాక్స్ చర్చి చెబుతుంది. శతాబ్దాలుగా పాటిస్తూ వచ్చిన ఆ నియమం వల్ల శాకాహార వంట అక్కడ ఎంతో పెరిగింది. అందుకే గ్రీకు వంట నేర్చుకోదలచినవారు మాంసంతో కాకుండా, ఆలివ్ నూనెలో కూరగాయలను మగ్గించే ‘లదెరా’ వంటకాలతో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఈ వంటలకు నూనె ప్రాణం. సీసా మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉన్నదే కొనాలి. ‘లైట్’ పేరుతో అమ్మే శుద్ధి చేసిన నూనెలో రుచీ ఉండదు, వాసనా ఉండదు. పెలొపొనీస్ ప్రాంతంలోను, క్రీట్ దీవిలోను విస్తారంగా పండే ‘కొరొనేకి’ అనే చిన్న కాయల రకం నుంచి తీసిన నూనె దొరికితే మరీ మంచిది. దాని రుచిలో కొంచెం చేదు, గొంతులో కొంచెం ఘాటు తగులుతాయి. అది నాణ్యతకు గుర్తే తప్ప లోపం కాదు. ముదురు రంగు సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచి, మూత తీసిన తరువాత రెండు మూడు నెలల్లో వాడేయాలి.

మొదట ‘ఫసొలాకియా’ అనే బీన్స్ కూర చేయండి. నలుగురికి అర కిలో లేత బీన్స్ తీసుకుని, కొసలు తుంచి, పీచు తీసి, కాయలను పొడవుగానే ఉంచాలి. బాగా పండిన నాలుగు టమాటాలను అడ్డంగా రెండేసి ముక్కలుగా కోసి, కోసిన వైపును తురుముపీటకు ఆనించి కోరితే, గుజ్జంతా గిన్నెలో పడి తొక్క మాత్రం చేతిలో మిగులుతుంది. గ్రీకు గృహిణులు టమాటా తొక్క తీసే పద్ధతి ఇదే, వేడినీళ్లతో పని లేదు. మందపాటి గిన్నెలో 120 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె పోసి, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయను రంగు మారనివ్వకుండా మెత్తబరచి, రెండు వెల్లుల్లి రెబ్బలు, బీన్స్, పెద్ద ముక్కలుగా కోసిన రెండు బంగాళాదుంపలు, టమాటా గుజ్జు, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు పంచదార వేయాలి. అర గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద 45 నుంచి 50 నిమిషాలు మగ్గించాలి. నీరంతా ఇగిరిపోయి నూనె పైకి తేలినప్పుడే కూర అయినట్టు. బీన్స్ పచ్చగా, కరకరలాడుతూ ఉండాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. ఇక్కడ అవి రంగు తగ్గి, వేళ్లతో నొక్కితే నలిగేంత మెత్తబడితేనే రుచి. పోపు, పసుపు, కారం ఏవీ వేయకండి. దించాక తరిగిన పార్స్లీ చల్లి, కనీసం ఒక గంట కదపకుండా వదిలేయండి. లదెరా వంటకాలను పొగలు కక్కుతుండగా తినరు. గోరువెచ్చగా ఉన్నప్పుడే నూనె, టమాటా, కూరగాయ ఒకదానిలో ఒకటి కలిసిన రుచి తెలుస్తుంది.

మన బెండకాయ గ్రీసులోనూ ఉంది, దానిని ‘బామియెస్’ అంటారు. కాయను చీల్చకుండా, లోపలి గింజల గది తెరుచుకోకుండా, తొడిమ చుట్టూ మాత్రం పెన్సిల్ చెక్కినట్టు చెక్కుతారు. తరువాత ఉప్పు, వెనిగర్ చల్లి అరగంట ఎండలో పెట్టి, కడిగి వండుతారు. దీనివల్ల జిగురు బాగా తగ్గుతుంది. వంట మధ్యలో గరిటె పెట్టరు, గిన్నెనే పట్టుకుని మెల్లగా కుదుపుతారు. మిగిలిన పద్ధతంతా బీన్స్ కూరదే.

‘హొరియాతికి’ అనే పల్లె సలాడులో క్యాబేజీ గాని, లెట్యూస్ గాని ఉండవు. టమాటా, కీరా దోస, ఉల్లిపాయ, పచ్చి క్యాప్సికం పెద్ద ముక్కలుగా కోసి, కలమాత ఆలివ్ కాయలు వేసి, పైన ఫెతా జున్నును పొడి చేయకుండా ఒకే పలకగా పెట్టి, ఎండు ఒరెగానో అరచేతుల మధ్య నలిపి చల్లి, ధారాళంగా నూనె పోస్తారు. ఫెతాను గొర్రె పాలతో, లేదా అందులో 30 శాతం మించకుండా మేకపాలు కలిపి తయారుచేసి, ఉప్పునీటిలో కనీసం రెండు నెలలు మాగబెడతారు. 2002లో ఐరోపా సమాఖ్య ఆ పేరును గ్రీసుకే ప్రత్యేకించింది. మన దగ్గర ఆవుపాలతో చేసినవి కూడా ఇదే తరహాలో అమ్ముతారు కనుక డబ్బా మీద రాసినది చదివి కొనాలి. ఫెతా దొరకకపోతే పనీర్ వేయకండి. దానిలో పులుపూ ఉండదు, ఉప్పదనమూ ఉండదు. జున్ను లేకుండా ఆలివ్ కాయలు రెండు ఎక్కువ వేసుకోవడమే మేలు.

‘జాజికి’ అనే కీరా పెరుగు పచ్చడికి తెలుగువారి ఇంట్లో సామగ్రి దాదాపు సిద్ధంగానే ఉంటుంది. కిలో చిక్కటి, పులవని పెరుగును పలుచని బట్టలో మూటగట్టి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీయాలి. ఒక కీరాను తురిమి, ఉప్పు చల్లి, పావుగంట తరువాత పిడికిట్లో గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే గంటలో అంతా నీళ్లగా మారుతుంది. దంచిన రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా వెనిగర్, రెండు చెంచాల ఆలివ్ నూనె, తరిగిన సోయకూర కలిపి, రెండు గంటలు చల్లగా ఉంచితే వెల్లుల్లి ఘాటు సర్దుకుంటుంది.

చలికాలంలో ‘ఫసొలాదా’ అనే తెల్ల చిక్కుడు గింజల సూపు చేయండి. దీనిని గ్రీకుల జాతీయ వంటకంగా చాలామంది చెబుతారు. 300 గ్రాముల గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో మరిగించి ఆ నీటిని కూడా వంపేయాలి. తరువాత ఉల్లిపాయ, క్యారెట్, ఆకులతో సహా సెలరీ వేసి ఉడికించాలి. గింజ మెత్తబడిన తరువాతనే టమాటా వేయాలి, ఎందుకంటే పులుపు ముందుగా తగిలితే గింజ గట్టిగానే ఉండిపోతుంది. నూనెలో సగం ఉడికేటప్పుడు, మిగతా సగం దించే ముందు పోయాలి. బొబ్బర్లనూ గ్రీకులు ఇష్టంగా తింటారు: ఉడికించి, వార్చి, ఉల్లికాడలు, పార్స్లీ, నూనె, నిమ్మరసం కలిపితే అదొక పూర్తి భోజనం.

గుడ్డు, నిమ్మరసంతో సూపును చిక్కబరచే ‘అవ్గొలెమొనొ’కు మాత్రం చేయి నిదానంగా సాగాలి. ఒక లీటరు కోడి రసంలో 80 గ్రాముల బియ్యం మెత్తగా ఉడికించి పొయ్యి ఆర్పి, ఐదు నిమిషాలు ఆగాలి. వేరే గిన్నెలో రెండు గుడ్లను నురగ వచ్చేలా గిలకొట్టి, మూడు నిమ్మకాయల రసం కలిపి, వేడి రసాన్ని గరిటెతో సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలుపుతూనే ఉండాలి. మూడు నాలుగు గరిటెలు పట్టాక దానిని సూపులోకి వంచి కలపాలి. ఆ తరువాత మరగనిస్తే గుడ్డు విరిగి తరకలు కడుతుంది.

మూసకాను చివరికి ఉంచుకోండి. వంకాయ, మాంసపు ఖీమా పొరల మీద నేడు కనిపించే, పాలు, వెన్న, మైదాతో చేసే బెషమెల్ సాస్ పొరను 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నికోలాస్ త్సెలెమెంతెస్ అనే పాకశాస్త్ర నిపుణుడు ఫ్రెంచి ప్రభావంతో ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి ఓవెనూ, ఒక పూట సమయమూ కావాలి.

వడ్డనలో ఎవరి పళ్లెం వారికి నింపి ఇవ్వకుండా, గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి అందరూ పంచుకోవడం అక్కడి ఆచారం. అన్నానికి బదులు గట్టి పొర ఉన్న రొట్టె ఉండాలి. సలాడు గిన్నె అడుగున నూనె, టమాటా రసం, ఫెతా తునకలు కలిసి మిగిలిన పులుసును రొట్టెతో అద్దుకుని తినడాన్ని గ్రీకులు ఎంత ఇష్టపడతారో చెప్పలేం. మిగిలిన బీన్స్ కూర, ఫసొలాదా మరునాటికి ఇంకా బాగుంటాయి. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తినకుండా, సూపును కొద్దిగా నీళ్లు పోసి వేడిచేయాలి, కూరను అరగంట బయట ఉంచితే గడ్డకట్టిన నూనె కరిగి మళ్లీ రుచి తేరుతుంది.